ఆరో గాయని బొమ్మ

మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో మా ఫ్రేముల షాపుకు ఒక ఒమానీ మేడం ఆరు బొమ్మలు తెచ్చింది. ఆమె యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. అన్నీ పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో పేరుమోసిన గాయనుల బొమ్మలు. మెడలో ముత్యాలు, భుజాలు జారిన గౌన్లు, మూసిన నోళ్లు. రికార్డులు లేని ఆ కాలంలో వాళ్ల పాట విన్నవాళ్లూ, వినే అదృష్టం లేనివాళ్లూ ఈ అచ్చు బొమ్మలు కొని గోడకు తగిలించుకునేవారట. ఆమె వచ్చీరాని హిందీలో చెబుతుంటే నేను పని ఆపి విన్నాను. రాతి పలక మీద గీసి తీసిన అచ్చు భూతద్దంలో సుద్దగీతలా గరుకుగా ఉంటుందనీ, ఇప్పటి మిషన్ అచ్చయితే వరసగా చుక్కలు కనిపిస్తాయనీ ఒక బొమ్మ మీద చూపించింది.

షాపులో నేనూ, నన్ను పనిలో పెట్టించిన అన్నా ఇద్దరమే. సొంత అన్న కాదు. జగిత్యాల దగ్గర మా పక్క ఊరాయన. ఏడేళ్లుగా అల్ హైల్‌లో ఒకే రూమ్‌లో ఉంటున్నాం.

మూడో రోజు ఆరో బొమ్మ వంతు వచ్చింది. భూతద్దం పెట్టాను. గాయని చెంప నిండా చుక్కలు. తుడిచి మళ్లీ చూశాను. చుక్కలే.

ముందురోజు అన్న ఒక పెద్ద కవరు చంకలో పెట్టుకుని పక్క జిరాక్స్ షాపులోకి వెళ్లడం, నన్ను చూడగానే కవరు అటువైపు మార్చుకోవడం గుర్తొచ్చాయి. ఇక ఆయన ఏం చేసినా అనుమానమే. ఫోన్ వస్తే బయటికి పోయి ఎందుకు మాట్లాడుతున్నాడు? పెట్టెకు కొత్తగా తాళం ఎందుకు? ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పరుపెత్తి చూశాను. ఏమీ దొరకలేదు. నకలు ఇక్కడ పెట్టి, అసలు బొమ్మను ఎక్కడో అమ్మేసే ఉంటాడనుకున్నాను.

మేడం మళ్లీ వచ్చిన రోజు, అన్న అద్దం కోస్తుండగానే, ఈ బొమ్మ మీరిచ్చింది కాదనిపిస్తోందని ఆమెకు చెప్పేశాను. అన్న చెయ్యి ఆగిపోయింది.

ఆమె కాగితం తిరగేసింది. వెనక మూలన పెన్సిల్‌తో అరబ్బీ అంకె ఆరు, కింద పొట్టి సంతకం. కొన్న రోజున తానే రాసుకున్నదట. తర్వాత భూతద్దం అందుకుని చాలాసేపు చూసింది. ఆరూ ఒకేచోట కొన్నానని మాత్రం అంది. మోసపోయింది ఆమె, అదీ మా షాపు గడప తొక్కకముందే. ఆ నకిలీకి కూడా మిగతావాటిలాంటి ఫ్రేమే వేయమని చెప్పి వెళ్లిపోయింది.

అన్న సొరుగులోంచి కవరు తీసి నా ముందు పెట్టాడు. పాస్‌పోర్టు కాపీలు, పని మానేస్తున్నానని కంపెనీకి రాసిన లెటరు.

"ఇగ ఇంటికే పోతున్న. నీకెట్ల చెప్పాల్నో తెల్వక దాసిన. అడిగితే చెప్పకపోదునా?"

కాగితాలు మళ్లీ కవర్లో పెట్టాను.

"పరుపు ఎత్తింది గూడ నువ్వేనా?"

తలూపాను. ఆయన మళ్లీ అద్దం కోయడం మొదలుపెట్టాడు.

వెళ్లేలోగా చాలాసార్లు క్షమాపణ అడగబోయాను. ప్రతిసారీ ఏదో ఒక పని చెప్పి మాట మార్చేవాడు. పెట్టెకు తాళం వేయడం మాత్రం మానలేదు. ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టుకు వస్తానన్నాను. కంపెనీ బండి వస్తుంది, నువ్వు షాపు చూసుకో అన్నాడు.