రెండు ఉపవాసాల నడుమ పోయిన గొంతు

ఆ రోజు శుభ శుక్రవారం. సిలువ మీది ఏడు మాటల్లో నాలుగోది చెబుతూ ఉండగా నా భర్త గొంతు ఆగిపోయింది. దగ్గారు, నీళ్ళు తాగారు, మళ్ళీ మొదలుపెట్టారు. గాలి వచ్చింది గాని మాట రాలేదు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అయ్యగారికి దుఃఖం పొర్లుకొచ్చిందనుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కళ్ళల్లో ఉన్నది భయం.

ఆయన పేరు ప్రకాశం. జమ్మలమడుగుకూ పెద్దముడియానికీ మధ్య ఉన్న మా ఊళ్ళో సంఘానికి పాస్టరు. అప్పటికి నెల రోజులుగా గొంతు బొంగురుగానే ఉంది. అందుకు అందరి దగ్గరా ఒకే కారణం సిద్ధంగా ఉండేది. ఊళ్ళో ఇద్దరు పెద్ద రైతులు పార్టీలు కట్టి కొట్టుకుంటుంటే, వాళ్ళ పొలాల్లో పనిచేసే మా పేట కూడా రెండుగా చీలింది. పైవీధి ఒకరి వైపు, కింది వీధి ఇంకొకరి వైపు. ఎన్నికల గొడవలో ఒక మనిషి ప్రాణం పోయాక రెండు వీధులూ ఒక కప్పు కింద కూచునేది లేదన్నాయి. అప్పటి నుంచి ఆదివారం పొద్దున పైవీధికి ఆరాధన, మధ్యాహ్నం కింది వీధికి. అవే పాటలు, అదే ప్రసంగం, ప్రభు బల్ల దగ్గర అదే రొట్టె, అదే ద్రాక్షరసం, రెండుసార్లు. ప్రభువు ఒక్కసారే చనిపోయాడు గాని మా ఊళ్ళో ఆయన్ని రెండు పూటలా సిలువ దగ్గరికి నడిపించాల్సి వచ్చేది. కాబట్టి మైకు ముందు రెండింతలు అరిచి గొంతు పోయిందన్నారు. నేను కూడా మిరియాల కషాయం కాచి ఇస్తూ వచ్చాను.

ఎండాకాలంలో మంచినీళ్ళు మింగినా పొలమారడం మొదలైంది. ప్రొద్దుటూరులో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన సన్నని గొట్టం ముక్కులోంచి దించి చూసి, "వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉండాదమ్మా. బయాప్సీ తీయాల" అన్నారు. రిపోర్టు వచ్చిన రోజు మా ఇద్దరినీ కూచోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"క్యాన్సరే. కానీ ఎర్లీ స్టేజ్. తిరుపతికి రాసిస్తా, రేడియేషన్ పెట్టించుకుంటే సరిపోతాది. గొంతు నిలుస్తాది. ఆలస్యం మాత్రం చేయొద్దు, పాస్టరు గారూ."

గొంతు నిలుస్తుందన్న మాటకు నేను అక్కడే ఏడ్చేశాను. పాస్టరుకు గొంతు కాక ఇంకేముంది? పొలమా, పుట్రా?

ఊరికి వచ్చిన మరుసటి రోజే పైవీధి సంఘ పెద్ద దానియేలు వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "మా వీధి నలభై దినాల ఉపవాస ప్రార్థన పెట్టుకుంటాండాం అయ్యగారూ. అది అయ్యేదాకా ఆ రేడియేషన్ కరెంటు పెట్టించుకోబాకండి. మీరే ఆస్పత్రికి పోతే మా విశ్వాసం ఏం కావాల?" అన్నాడు.

ఈయన గుసగుసగా అడిగారు. "రెండు వీధులూ కలిసి చేయండప్పా. ఒక్క పూట చేసినా చాలు. నేను రేపే తిరుపతికి పోతా."

దానియేలు నేల చూశాడు. "అది మాత్రం అడగబాకండి" అన్నాడు.

అతను వెళ్ళాక నేను మా ఆయన మీద విరుచుకుపడ్డాను. డాక్టరు చెప్పింది చెవిన పడలేదా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నా జబ్బు కోసమన్నా ఒకచోట మోకాళ్ళూనుతారేమో సుగుణా. కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు. చూడడమే మా కొంప ముంచింది.

నలభై దినాలూ ఆయన్ని ప్రసంగం చేయనివ్వలేదు. విశ్రాంతి దొరికిన గొంతు కొంచెం తేటపడింది. చివరి రోజు నిలబెట్టి పాడించారు. ఒక చరణం పలికింది. పైవీధి అంతా లేచి స్తోత్రాలు చేసింది, డప్పులు కొట్టింది. ఆ చప్పుడు కింది వీధికి వినిపించాలనే కొట్టారని నాకు తెలుసు. సాయంత్రానికి కింది వీధి పెద్ద సామేలు మా గడపలో ఉన్నాడు.

"సగం గొంతే వచ్చిందంట గదా అమ్మగారూ. తక్కిన సగం మా ప్రార్థనతో వస్తాది. మేమూ నలభై దినాలు పెడతాండాం. వాళ్ళ ఉపవాసానికి ఆగినోళ్ళు మా దానికి ఆగకపోతే, మేం దేవుని బిడ్డలం కాదా?"

"ఆయన గొంతేమన్నా మీ ఊరి చెరువా, సగం మీకు సగం వాళ్ళకు పంచుకునేదానికి?" అన్నాను. సామేలు నొచ్చుకున్నాడు. మా ఆయన నన్ను ఆపి, సరేనన్నట్టు తల ఊపారు. ఒక వీధికి ఆగి ఇంకో వీధికి ఆగకపోతే పాస్టరు కూడా పార్టీలో చేరినట్టే. ఆ లెక్క అర్థం కావాలంటే మా ఊళ్ళో బతికుండాలి.

రెండో ఉపవాసం సగంలో ఉండగా పొలం గట్టు మీద బాంబులు పడ్డాయి. మగవాళ్ళు చాలామంది ఊరొదిలి పోయారు. పోలీసు పికెట్ వచ్చింది, బస్సు ఆగిపోయింది. అప్పటికే ఆయన ఊపిరి తీస్తుంటే పిల్లంగోవి ఊదినట్టు శబ్దం వచ్చేది. ఒక మధ్యాహ్నం పెదాలు నీలంగా మారాయి. పైవీధి జీపు కింది వీధి గుండా పోనంది. కింది వీధి ఆటో రోడ్డెక్కనంది. చివరికి పికెట్ దగ్గరికి వచ్చిన పాల వ్యానులో ప్రొద్దుటూరుకు చేర్చాను. దారంతా క్యాన్ల మధ్య ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని, ప్రార్థన చేయబోతే నాకు ఒక్క మాటా రాలేదు.

అదే డాక్టరు. మెడకు రంధ్రం చేసి ట్యూబు పెట్టాక బయటికొచ్చి, "యాడికి పోయినారమ్మా ఇన్నాళ్ళూ?" అన్నారు. "ఇంక ఉత్త రేడియేషన్‌తో కాదు. వాయిస్ బాక్స్ మొత్తం తీసేయాల. టోటల్ లారింజెక్టమీ అంటారు. ప్రాణం దక్కొచ్చు. మాట మాత్రం రాదు."

ఆపరేషన్‌కు ముందు రోజు తిరుపతి వార్డులో నర్సమ్మ, ట్యూబు మీద వేలు పెట్టుకుంటే కొద్దిగా మాట్లాడొచ్చని చూపించింది. ఆయన మొదట నా పేరు పలుకుతారని ఎదురు చూశాను. అప్పుడే దానియేలు, సామేలు ఇద్దరూ వేరు వేరు బస్సుల్లో వచ్చారు, వరండాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడ్డారు. ఆయన సైగ చేసి ఇద్దరినీ పిలిపించారు. మెడ మీద వేలు పెట్టుకుని, ఊపిరి కూడదీసుకుని, "ఒక్కసారి చేతులు పట్టుకోండప్పా" అన్నారు.

దానియేలు ఆయన కుడి చెయ్యి పట్టుకున్నాడు. సామేలు ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. మంచానికి అటూ ఇటూ నిలబడి ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. సామేలు ప్రార్థిస్తున్నంతసేపూ దానియేలు కళ్ళు తెరిచే ఉన్నాడు. నేనూ మూయలేదు. ఇద్దరూ వెళ్ళేసరికి ఆయనకు ఆయాసం వచ్చి ఆక్సిజన్ పెట్టారు. ఆ గొంతులో చివరి మాట వాళ్ళకే పోయింది. పెళ్ళాన్ని నేను, నాకు దక్కలేదు.

ఆపరేషన్ అయింది, రేడియేషన్ కూడా అయింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక గదిలో ఉంటున్నాం. నేను బట్టలు కుడతాను. పొద్దునా సాయంత్రమూ స్టోమా, అంటే ఊపిరి కోసం ఆయన మెడకు పెట్టిన రంధ్రం, శుభ్రం చేస్తాను, దాని మీద తడి గుడ్డ కడతాను. పోయిన స్కానులో ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. "మళ్ళీ చూద్దాం" అన్నారు డాక్టరు. ఆ 'చూద్దాం' అన్న మాట వద్దు, తేదీ రాసివ్వమని అక్కడే కూచున్నాను. ఊళ్ళో ఇప్పుడు రెండు సంఘాలు, ఇద్దరు పాస్టర్లు. మా ప్రార్థన వల్లే అయ్యగారు బతికారని రెండు చోట్లా సాక్ష్యం చెబుతున్నారట.

ఆదివారం ఇక్కడి చర్చిలో చివరి బెంచీ మీద కూచుంటాం. ఆశీర్వాదం వేళకు ఆయన చెయ్యి తనంతట తాను పైకి లేస్తుంది. లేచాక గుర్తొచ్చి దించుకుంటారు. నేను ఆయన పక్కన కూచుంటాను గాని దేవుడితో నాకు మాటల్లేవు. ఎప్పుడొస్తాయో తెలియదు.

ఇది రాస్తున్నానని చెబితే ఆయన పెదాలు కదిలించారు. పెదాలు చదవడం నాకు అలవాటైంది. "వాళ్ళ పేర్లు రాయొద్దు." ఆయన మాట మీద ఆ ఇద్దరి పేర్లూ మార్చాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించండి, వైద్యానికి డాక్టరు ఇచ్చిన తేదీ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కండి. ప్రార్థన చేయమని తిరుపతి చేరాక కబురు పెట్టండి.