ఇర్మె గొంతు

కొంటాలో శబరి రేవు పక్కన బుల్లమ్మ చాయ్ కొట్టు. చాయ్ కంటే కబురు కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. బోరు బాగుచేసేది ఎవరు, నర్సు ఏ ఊళ్ళో ఉంది, ఎవరి ట్రాక్టరు ఖాళీగా ఉంది? తెలుగు, హిందీ సరే, దోర్లీలో అడిగితే దోర్లీలో, హల్బీలో అడిగితే హల్బీలో చెప్పేది. నాలుగు భాషలు నోట్లో ఉన్న మనిషి ఆ రేవులో తనొక్కతేనని ఆమె ధీమా.

ఆ ధీమాకు పోటీగా పంచాయతీ భవనంలోకి ఒక పెట్టె వచ్చింది. కంప్యూటర్ చదివిన స్రవంతి తెచ్చి పెట్టింది. సిగ్నల్ లేకపోయినా చుట్టుపక్కల ఫోన్లు ఆ పెట్టె ద్వారా మెసేజులు పంపుకోవచ్చు. తెరవగానే ఫోనే "ఇక్కడ ఏమేం దొరుకుతాయి?" అని పెట్టెను అడుగుతుంది, మనం నొక్కిన భాష ఏదో కూడా దానికి చెబుతుంది. ఒక్కో పని పేరు పెట్టెలో నాలుగు భాషల్లో పలికించి ఉంచారు.

దోర్లీ గొంతు ఇర్మెది. రేవులో చేపలమ్ముకునే ఇర్మెది!

"నన్నెందుకు పిలవలె?" అని స్రవంతిని నిలదీసింది బుల్లమ్మ.

"దోర్లీ ఆమె ఇంటి మాట కద అత్తా."

"నాదేమన్న బజార్ల కొనుక్కచ్చిందా ఏంది?"

ఆ పూట చాయ్‌లో చక్కెర రెండుసార్లు పడింది.

అయితే ఇర్మె గొంతు ఊళ్ళో ఎక్కడా వినబడలేదు. భాష ఎంచుకోమని ఫోన్ అడిగితే దోర్లీ మాట్లాడే దోర్లవాళ్ళంతా హిందీనే నొక్కుతున్నారు. పంచాయతీలో ఉన్నది సర్కారు పెట్టె, సర్కారుతో హిందీలో మాట్లాడకపోతే పని జరగదని వాళ్ళ భయం. సగమే అర్థమై, మళ్ళీ బుల్లమ్మ దగ్గరికే వస్తున్నారు.

"ఏది నొక్కాలె అక్కా?" అని దోర్ల కుర్రాడు భీమా ఫోన్ చాపాడు.

"హిందీనే నొక్కు. సర్కారుది కద." దోర్లీ అన్న చోట బొటనవేలు అడ్డం పెట్టి మరీ చెప్పింది.

సంత రోజు ఇర్మె ఖాళీ గంపతో వచ్చి బల్ల మీద కూలబడింది.

"నా మాట తీసేసిన్రు అక్కా. ఇగో, మావోడి ఫోన్ల ఎవరో ఆమె హిందీల మాట్లాడ్తాంది. నా గొంతు బాగ లేదేమో. స్రవంతి మొహమాటానికి చెప్పలె."

బుల్లమ్మ కడుపు చల్లబడాలి. చల్లబడలేదు. ఇన్నాళ్ళూ ఏ గొంతును చూసి కుళ్ళుకుందో, ఆ గొంతే ఎదురుగా వణుకుతోంది.

"ఏది నొక్కినవే?"

"హిందీ. సర్కారుది కద."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఫోన్ ఇటియ్యి."

దోర్లీ నొక్కింది. పడవ, బోరు, నర్సు... ఒక్కొక్కటే ఇర్మె గొంతులో వచ్చాయి. ఇర్మె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివర ఇంకో మాట వచ్చింది: "ఇవేవీ కాకపోతే రేవు కాడ బుల్లమ్మక్కను అడగండి."

"ఇది ఎవరు చెప్పమన్నరు?"

"ఎవరూ చెప్పలె. నేనే అన్న."

బుల్లమ్మ కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది. తర్వాత అడిగింది.

"తెలుగుల ఉన్నదా నా పేరు?"

"లేదక్కా. నా దాంట్లనే."

"నీ దాంట్లనే ఉండుడేంది? రేపు పోయి తెలుగుల నేనే చెప్పొస్త. నీకంటె గట్టిగ."

అని, సంతలోకి పోతున్న భీమాను కేకేసింది. "ఓ భీమా! ఆ ఫోన్ ఒకసారి ఇటు పట్టుకరా."