విరిగిన పాలు, సగం ఖాళీ బీరువా

జాతకాలు కుదరక ఆగిన పెళ్ళిళ్ళున్నాయి, మాట పట్టింపులతో ఆగిన పెళ్ళిళ్ళున్నాయి. వర్ణనలు ఎక్కువగా చదివి తన పెళ్ళి తానే ఆపుకోబోయిన ఆడపిల్లను మాత్రం ఒక్కదాన్నే చూశాను, అదీ అద్దంలో. ఆ ఘోరం చెబుతాను, వినండి. నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. గండం గట్టెక్కిన మనిషికి పరువు మీద పెద్ద పట్టింపు ఉండదు.

అప్పట్లో సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్‌లో స్నేహితురాలితో కలిసి ఉండేదాన్ని. వారమంతా ఆఫీసు, ఆదివారం పొద్దున కింద క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్ళ పుస్తక చర్చ. కర్నూలులో తెలుగు లెక్చరరుగా రిటైరై కూతురి దగ్గరికి వచ్చిన సుగుణమ్మగారు మాకు గురువు. ఏ కథ చదివినా ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న: "ఈ వస్తువును ఇక్కడ ఎందుకు పెట్టాడు?" గుమ్మంలో చెప్పు తిరగబడి ఉందంటే ఎందుకుంది? ఆకాశం నల్లగా ఎందుకుండాలి, నీలంగా ఉంటే ఏం పోయింది?

"మంచి రచయిత ఊరికే గరిటె కూడా పెట్టడమ్మా. ప్రతి వర్ణన వెనకా ఒక మనసుంటుంది. దాన్ని పట్టుకోవాలి," అనేవారు.

నేను పట్టుకోవడం మొదలుపెట్టాను. పుస్తకం తెరవగానే పండితులు కారన్న ఇంగితం నాకెక్కడిది? ఆఫీసులో మేనేజరు నల్ల చొక్కా వేసుకొస్తే, మన ఉద్యోగాలు ఊడబోతున్నాయని టీమునంతా బెదరగొట్టాను. పాపం ఆయనకు ఆ రోజు ఇస్త్రీ చేసిన చొక్కా అదొక్కటే దొరికిందట.

ఈ పైత్యం ముదిరిన రోజుల్లోనే నాకు నిశ్చితార్థమైంది. వరుడు చంద్రు. తాతల కాలం నుంచీ బొమ్మనహళ్ళిలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఫ్యాక్టరీలకు వెళ్ళి యంత్రాలు తనిఖీ చేసి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట ఎక్కువ కాకుండా రిపోర్టు రాయడం ఆయన ఉద్యోగం. నాకు పంపే మెసేజులూ అదే బాపతు. "తిన్నావా?" "తిన్నాను." "సరే."

ఒకరోజు ఉండబట్టలేక ఫోన్లో అడిగాను. "కాస్త వర్ణించి రాయొచ్చు కదండీ? మీ చుట్టూ ఏముందో నాకు కళ్ళకు కట్టేట్టు?"

"వర్ణించేకి నాకు రాదు కదప్పా."

"ప్రయత్నించండి."

"సరే."

ఆ శనివారం సాయంత్రం మెసేజు వచ్చింది. చంద్రు బడిలో చదివింది కన్నడం. అందుకని తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. నేను తెలుగులోకి ఎత్తి రాసుకుంటే ఇలా తేలింది:

"వాన పడతా ఉండాది. కిటికీ ముందర చెట్టు ఎండిపోయిండాది. పాలు విరిగిపోయినాయి. తలుపు మూసిండాది. గోడకి పాత క్యాలెండరు అట్లే ఉండాది. బీరువా సగం ఖాళీ."

అంతే. "తిన్నావా" కూడా లేదు. మనసు చూపించమని అడిగింది నేనే. అడిగితే చూపించేశాడు!

మర్నాడు ఆ వాక్యాలను ఎవరో కొత్త రచయిత రాసినవని చెప్పి చర్చలో చదివాను. సుగుణమ్మగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎంత పొదుపు! ఒక్క విశేషణం ఎక్కువ లేదు. చెప్పండి, వాన ఏమిటి?"

"దుఃఖం," అన్నారు మూర్తిగారు. బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి, ఏ కథలో వాన పడినా ఆయనకు దుఃఖమే.

"చెట్టు?"

"ప్రేమ ఎండిపోయింది."

"పాలు?"

"ఇంకేముంది మేడమ్! విరిగిన మనసు. మళ్ళీ అతకదు."

"పాలు ఊరికే కూడా విరుగుతాయి కదండీ?" అన్నాను.

"ఇంట్లో విరుగుతాయమ్మా, కథలో విరగవు," అన్నారు సుగుణమ్మగారు. "ఆ క్యాలెండరు చూడు, వాడికి కాలం ఆగిపోయింది. ఇక ఆ బీరువా! వాడు మనసులో అప్పుడే సగం బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరి మధ్యా ఇంక ఏమీ లేదు."

మూర్తిగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆ పిల్లకు ఇంకా తెలియదేమో మేడమ్, పాపం!"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు కదా. వాళ్ళకది సాహిత్యం, నాకు సంసారం. పైకి పరిగెత్తి హిందూపురంలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, శుభలేఖలు అచ్చుకీయొద్దు. ఆయనకి ఇష్టం లేదు."

"అట్లని చెప్పినాడా?"

"చెప్పలేదు. పాలు విరిగినాయని రాసినాడు."

"పాలు విరిగితే పెండ్లి ఆపుతారేమే?"

"నీకు సాహిత్యం తెలీదులేమ్మా!" అని ఏడుస్తూ పెట్టేశాను.

మర్యాదగా ఆయన్ని నేనే విడుదల చేద్దామని, నిశ్చితార్థం చీర, ఉంగరం సంచిలో వేసుకుని వానలో బొమ్మనహళ్ళికి ఆటో ఎక్కాను. రోడ్డంతా నీళ్ళు, అడుగడుగునా ట్రాఫిక్కు. ప్రసంగం తయారుచేసుకోవడానికి బోలెడంత టైము దొరికింది. అందులో ఉపమానాలు దండిగా వేశాను.

ఇంటి తలుపు నిజంగానే మూసి ఉంది. తలుపు తట్టగానే చంద్రు వాళ్ళమ్మ సరోజమ్మగారు తీశారు.

"అయ్యో, ఇట్ల తడిసిండావేమమ్మా! లోపలికి రా, బేగ రా, సొళ్ళెలు వస్తాయి!" అని నన్ను లోపలికి లాగి తలుపు మళ్ళీ మూసేశారు. సొళ్ళెలంటే కన్నడంలో దోమలు. మూసిన తలుపు మీద మా విశ్లేషణ అక్కడికక్కడే చచ్చింది.

ఆవిడ నా సంచిలో చీర చూశారు. "ఆ పొద్దు హడావుడిలో ఫాల్ లేకుండానే కట్టినావు. కుట్టించేకి తెచ్చినావా? మంచి పని చేసినావు. మన వీధిలోనే టైలరు ఉండాడు." చీర ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.

ఈలోగా చంద్రు వచ్చారు. ఆవిడ కాఫీకని వంటింట్లోకి వెళ్ళగానే ప్రసంగం ఎత్తుకున్నాను. "మీ మనసు నాకు అర్థమైంది. విరిగిన పాలు మళ్ళీ..."

"నిన్న కరెంటు పోయిండె. ఫ్రిజ్‌లో విరిగిపోయినాయి. అమ్మ బెల్లమేసి కోవా చేసింది, తింటావా?"

"మరి ఆ ఎండిన చెట్టు?"

"అది పక్కింటోళ్ళది."

"పాత క్యాలెండరు?"

"దాంట్లో దేవుడి బొమ్మ ఉండాది. అమ్మ తీయనీదు."

నాకు ఒకటే దిక్కు మిగిలింది. "బీరువా?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "అదొక్కటే కదప్పా నేను వర్ణించింది! మిగిలినవన్నీ కనపడినట్ల రాసినాను. అది మాత్రం బాగా ఆలోచన చేసి కడాకి పెట్టినాను. నీకు తెలీలేదా?"

గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచారు. ఒక పక్క ఆయన చొక్కాలన్నీ ఊపిరాడకుండా కుక్కి ఉన్నాయి. రెండో పక్క శుభ్రంగా తుడిచి, కొత్త కాగితం పరిచి, కలరా ఉండలు వేసి ఉంది.

"నీ చీరలకి," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మయ్య అనిపించినప్పుడు వచ్చే ఏడుపు అది, ముక్కు కూడా కారుతుంది. సంచిలోని ఉంగరం తీసి వీపు వెనక గబగబా వేలికి తొడిగేసుకుని, కోవా పెట్టమన్నాను. చాలా బాగుంది. తింటూనే అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, శుభలేఖలు అచ్చుకిచ్చేయ్!"

"నేనెప్పుడు ఆపినానే? నువ్వు ఫోన్ పెట్టినాంక పోయి ఇంకొన్ని ఎక్కువే చెప్పి వచ్చినా."

మరుసటి ఆదివారం చర్చలో ఉండబట్టలేక చెప్పాను. "ఆ రచయితను అడిగానండీ. బీరువా సగం ఖాళీ చేసింది రాబోయే భార్య చీరల కోసమట."

సుగుణమ్మగారు తల అడ్డంగా ఊపారు. "రచయిత మాట నమ్మకూడదమ్మా. వాడికేం తెలుసు?"

అందుచేత, విరిగిన పాల మీద ఒట్టేసి ప్రకటిస్తున్నాను: రాసిన మనిషి ఫోనుకు అందుతున్నంత కాలం, అడక్కుండా ఆ మనిషి వాక్యానికి అర్థం చెప్పను. ఇప్పుడు మా ఆయన "పెరుగు అయిపోయింది" అని మెసేజు పెడితే, నోరు మూసుకుని పెరుగు ప్యాకెట్టు తీసుకెళ్తున్నాను. ఇక ఆ బీరువా అంటారా, ఆయన చొక్కాలకిప్పుడు ఒక్క అర మిగిలింది. దయచేసి దాన్నెవరూ విశ్లేషించకండి. నా చీరలు ఎక్కువయ్యాయి, అంతే.