కడిగి రాసిన పలక

మొన్న మనవరాలు ముఖానికి పూసుకోవడానికి ముల్తానీ మట్టి కలుపుతుంటే, ఆ తడి వాసనకు లేచి అవతలికి వెళ్లిపోయాను. ఇంత వయసొచ్చినా ఆ వాసనంటే భయమే. యాకుత్‌పురాలో రత్నమ్మ పంతులమ్మ ఇంటి అరుగు మీద మేం చెక్కపలకలకు పూసింది ఆ మట్టే.

బడుల్లో ఉర్దూ చదువే సాగే ఆ రోజుల్లో ఆమె ఇంట్లోనే ఆడపిల్లలకు తెలుగు చెప్పేది. వ్యాసం రాసి చూపిస్తే తప్పులు దిద్దేది కాదు. ఒకసారి చదివించుకుని, పలక కడిగి మట్టి పూయమనేది. "ఇప్పుడు మల్ల రాయి. యాదికి రానిది నీది కాదు, పోనియ్" అనేది. ఎంత ఒళ్లు మండేదో! కష్టపడి కుదిర్చిన అక్షరాలు నీళ్లలో కొట్టుకుపోతుంటే మనసులో ఆమెను తిట్టని తిట్టు లేదు.

ఆ ఏడు, తెలుగులో చదువు చెప్పే ఒకే ఒక్క ఆడపిల్లల హైస్కూలుకు ప్రవేశ పరీక్ష వచ్చింది. మా బాపు మాదన్నపేట మార్కెట్లో బస్తాలు మోసేవాడు. అక్షరం ముక్క రాదు. "సీటొస్తే సదువు. లేకుంటే ఇంట్ల కూసో" అని ముందే తేల్చేశాడు.

పరీక్షలో 'మా ఇల్లు' గురించి రాయమన్నారు. పూలతోట, చిలకలు, చల్లగాలి అంటూ పేజీ నింపేశాను. తిరిగి చదువుకున్నాను. మాకు తోటెక్కడిది? కాగితాన్ని కడగలేనాయె! పేజీ మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

"హాయ్ అల్లా! ఏం జేస్తున్నవ్ బేటీ, టైం అయిపోతుంది!" అంది కాపలా ఉన్నామె.

నాలుగైదు వాక్యాలు రాశానో లేదో గంట కొట్టారు. సీటు రాలేదు.

బాపు నన్ను వెంటబెట్టుకుని పంతులమ్మ దగ్గరికి వెళ్లాడు. "రేపటి సంది పిల్ల రాదమ్మా" అన్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆమె నావైపు తిరిగి, "పరీక్షల ఏం రాసినవ్ బిడ్డా? చెప్పు" అంది.

కళ్లు మూసుకుని, ఒక్క మాట పోకుండా చెప్పాను. "వాన వస్తే మా ఇంట్లో ఒక్క మూలే తడవదు. నన్ను అక్కడ పడుకోబెడతారు. అమ్మ గిన్నెలు పెడుతూ తిరుగుతుంది. బాపు నీళ్లు కారే చోటే కూర్చుని నిద్రపోయినట్టు నటిస్తాడు. నేను చూస్తున్నానని ఆయనకు తెలియదు."

కళ్లు తెరిచేసరికి బాపు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"సూసినవా బిడ్డా?" అన్నాడు.

తువ్వాలు భుజాన వేసుకుని పంతులమ్మతో, "వచ్చే ఏడు మల్ల రాయనీ అమ్మా" అన్నాడు.

ఇప్పటికీ ఏదైనా రాశాక కాగితం బోర్లించి, పైకి చెప్పుకుంటాను. నోరు ఎక్కడ తడబడితే అక్కడ కొట్టేస్తాను. చెబుతున్నంతసేపూ బాపు ఎదురుగా నిలబడి వింటున్నట్టే ఉంటుంది.