మోడెమ్‌కు కాపలా కాసిన మొనగాణ్ణి

ఆండర్సన్‌పేట మొత్తానికి మొదటి ఇంటర్నెట్ నాదే. సరే, మా వీధికి. అదీ ఎదుటి వరస ఇళ్ళను లెక్కలోకి తీసుకోకపోతే. అంతటి ఘనుణ్ణి, ఒక ఆడపిల్ల ఉద్యోగాన్ని నా ఇంట్లోనే ముంచబోయాను. ఆ వైభవం వినండి.

మా ఊరి బంగారు గని మూతపడేదాకా నేను ఆ గని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. తర్వాత ఒక పాత కంప్యూటర్ కొని, డయల్-అప్ సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కించాను. ఇంటి ఫోను తీగనే చీల్చి మోడెమ్‌కు ఇచ్చాను.

పక్కింటి సుజాతకు బెంగుళూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో చేరతానని ఆ సాయంత్రం అయిదులోగా ఈమెయిల్ పంపకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట.

"నేనుండాను గదమ్మా, కూచో" అన్నాను, ఉపగ్రహాన్ని నేనే ఎగరేసినట్టు.

సుజాత గదిలో కంప్యూటర్ ముందు కూచుని మీట నొక్కగానే మోడెమ్ పిల్లి తోక తొక్కినట్టు అరిచింది.

"కలిసె మామా."

నేను హాల్లోకి నడిచి ఫోనెత్తి చెవిన పెట్టుకున్నాను. గనిలో మా పద్ధతి అది: లైను కలిపినవాడు, అది బతికుందో లేదో మధ్యమధ్య విని తీరాలి. గరగరమంటోంది. భేష్.

"లైను పాయ మామా" అని గదిలోంచి కేకేసింది సుజాత.

సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. కలిసింది. విన్నాను. పోయింది. పాస్‌వర్డ్ మార్చాను, మోడెమ్‌కు విసనకర్రతో విసిరాను. కలిసింది, విన్నాను, పోయింది.

"టైమైపోతా ఉండాది మామా" అంది సుజాత.

"పొద్దున్నుంచి తిండి లేదు, అందుకే బుర్ర పన్చేయలేదు. తిను ముందు" అంటూ మా ఆవిడ సరోజ రాగిముద్ద, అందులోకి చారులాంటి మా సారు పోసిన పళ్ళెం నా చేతిలో పెట్టింది. ఎడమచేత పళ్ళెం, కుడిచేత ముద్ద. మోడెమ్ మళ్ళీ అరిచింది.

"కలిసె మామా." తర్వాత కీబోర్డు టకటక. "పంపించేసినా మామా. పోయి చేరె."

"చూసినావా సరోజా, నా సెట్టింగు" అంటూ చెయ్యి కడుక్కుని, అలవాటుగా ఫోనెత్తాను.

"ఇప్పుడు పాయ మామా" అంది సుజాత.

సుజాత హాల్లోకి వచ్చింది. ఇద్దరూ నా చేతిలోని ఫోను వంక చూశారు.

"నువ్వు ఎత్తినప్పుడల్లా అది చస్తా ఉండాదయ్యా" అంది సరోజ. "పొద్దున్నుంచి నువ్వే దాని గొంతు పిసకతా ఉండావు."

"ఊరికే టెస్టు చేసినాను" అన్నాను.

సుజాత టీచరమ్మ అయింది. "మామ ఇంటర్నెట్ వల్లే" అని వీధంతా చెబుతుంది. ఫోను సంగతి చెప్పదు, బంగారుతల్లి. నేనూ ఖండించను.

ఇదిగో, ఇప్పుడూ ముద్ద తింటూనే చెబుతున్నాను, సారు కారుతున్న ఈ కుడిచేతి సాక్షిగా ఒట్టు: ఇకమీదట ఏ ఇంట్లో మోడెమ్ అరిచినా, రెండు చేతులా ముద్ద పట్టుకునే కూర్చుంటాను.