బాపు శుక్రవారాలు

నిన్న భివండిలో మా గల్లీకి కరెంటు పోయి, మరమగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి చిన్నప్పటి శుక్రవారాలు గుర్తొచ్చాయి.

శుక్రవారం మగ్గాలకు సెలవు. ఆ రోజు పప్పులో ఉప్పెక్కువైనా బాపు అమ్మను కొట్టేవాడు కాదు. లక్ష్మీదేవి మీద భక్తి అనుకునేదాన్ని.

ఒక గురువారం అమ్మ వాచిన చెంపకు పసుపు రాసుకుంటూ, "కోపమొస్తె మీ బాపుకు ఒళ్లు తెల్వది బిడ్డా" అంది.

"రేపు శుక్రవారమే గదమ్మా, రేపు కొట్టడు" అని ధైర్యం చెప్పాను.

అమ్మ గోడ వైపు చూసింది. ఆ గోడ అవతలే మగ్గాల షెడ్డు. మగ్గాలు ఆడుతుంటే అమ్మ ఏడుపు పక్కనున్న నాకే వినిపించేది కాదు. ఆగితే గల్లీ అంతా వింటుంది.

ఒళ్లు తెలియని కోపంలో కూడా బాపుకు ఆ సంగతి తెలుసు.