మా టీమూ, నా రోలరూ, కొత్తగొచ్చిన మేనేజరూ

ముందుగాల ఒక మాట చెప్పుకోవాలె. నేను నాలుగో తరగతి దాంకనే చదివిన. కూసొని ఇంత రాసుడు ఇదే మొదటిసారి. దీర్ఘం ఏడ పెట్టాలె, ఒత్తు ఏడ పెట్టాలె నాకు సరిగ ఎర్క లేదు. మా పెన్షనర్ల సంఘం పత్రికోళ్ళు "రోలర్ పనంటె ఏందో ఇప్పటోళ్ళకు తెల్వది, నువ్వు పని చేసిన దినాలల్ల ఒక్క సంగతి రాయి సత్తయ్యా" అన్నరు. కాదనలేక రాస్తున్న. అక్షరాలు వంకర పోతె జర సర్దుకోండ్రి.

ఎనభై మూడో, ఎనభై నాలుగో, మంచిగ యాది లేదు. ఎండకాలంల నన్ను దిల్‌సుఖ్‌నగర్ దిక్కు రోడ్ రోలర్ డ్రైవర్‌గ ఏసిండ్రు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కెళ్ళి ఎల్.బి.నగర్ దాంక, ఆడికెళ్ళి వనస్థలిపురం దాంక ఏడ సూసినా కొత్త కాలనీలే. మొన్న జొన్న చేను ఉన్న కాడ ఇయ్యాల సున్నం గీతలు, ప్లాటు రాళ్ళు. ఇండ్లు లేవకముందే రోడ్లు కావాలె అనేటోళ్ళు.

రోడ్డు ఏసుడు ఎట్లనంటే, కంకర పరిచి, పైన మొరం జల్లి, ట్యాంకర్‌తోని నీళ్ళు కొట్టి, రోలర్ ఎక్కించాలె. రోలర్‌ను అంచుల కెళ్ళి నడిమికి తేవాలె. నడిమిట్ల మొదలు పెడితె కంకర బైటికి జరుగుతది. అయినంక మడిమె ఏసి తొక్కి సూస్తం. గుర్తు పడకుంటె రోడ్డు అయినట్టు. నా రోడ్డు మీద మడిమె గుర్తు పడ్డదని ఏ మేస్త్రీ అనలె.

మేస్త్రి పైన వర్క్ ఇన్‌స్పెక్టర్, ఆయన పైన ఇంజనీర్లు, అందరికన్నా పైన ఇ.ఇ. సాబు, అంటె ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్. అందరికన్నా కింద మస్టర్ రోల్ కూలోళ్ళు. పని ఉన్న దినం కూలి, లేని దినం ఏం లేదు. మస్టర్ రోల్ కెళ్ళి వర్క్‌చార్జ్‌ల పడితె నెల జీతం ఒస్తది, సెలవు ఒస్తది, ఇంట్ల ఎవరికన్న పాణం బాగలేకుంటె దవాఖాన ఖర్సు ఒస్తది. మా బామ్మర్ది మల్లేశ్ మస్టర్ రోల్‌ల ఉండె. మా ఆమెకు ఒక్కడే తమ్ముడు, మా ఇంట్లనే ఉంటుండె.

ఇగ ఫుట్‌బాల్ సంగతి. మా రోడ్ల డిపార్ట్‌మెంట్ల ప్రతి డివిజన్‌కు ఒక టీం ఉండేది. మా గ్రౌండు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటినంక, లేఔట్ల మిగిలిన ఖాళీ జాగ. నేను ఎన్నడు బంతి తన్నలె. కని ఒక్క మ్యాచ్ ఇడిసిపెట్టలె. రోలర్‌ను గీత బైట ఆపి సీటు మీద కూసుంటె గ్రౌండంత కనవడేది. ఆట అయినంక పోరగాండ్లు చెమటలతోని నా కాడికే ఒచ్చి, "సత్తన్నా, ఎట్ల ఆడినం?" అని అడిగేది. చక్రానికి ఆనుకొని చాయ్ తాగుకుంట నేను చెప్పేది ఇనేటోళ్ళు. అప్పుడు మేనేజర్ స్టోర్ కీపర్ ఖాదర్ భాయ్. మంచి మనిషి, నా మాట తీసెయ్యకపోతుండె. మల్లేశ్‌ను ముందర ఆడించు భాయ్ అని నేనంటె ముందర పెట్టిండు. గోల్ కొట్టేటోనికే పేరు ఒస్తది కదా అని నా ఆలోచన.

ఆ ఏడు ఇ.ఇ. సాబు ఒక మాటన్నడు. టీం ఫైనల్‌కు పోతె, అండ్ల మంచిగ ఆడిన మస్టర్ రోల్ పోరగాండ్లను వర్క్‌చార్జ్‌ల ఏస్కుంటనని. మా ఆమె ఇంట్ల దేవునికి మొక్కింది. నేను ఏం చెయ్యాల్నా అని ఆలోచించిన. నాకొచ్చిన పని ఒక్కటే. ఆటలు మొదలు కాకముందు గ్రౌండుకు ట్యాంకర్ నీళ్ళు కొట్టిపిచ్చి, రోలర్ ఎక్కించిన. అంచుల కెళ్ళి నడిమికి, ఎట్ల చెయ్యాల్నో అట్ల. మడిమె గుర్తు పడకుంట చేసిన. ఖాదర్ భాయ్ సూసి, "వాహ్ సత్తయ్య, షాబాద్ బండలు పర్సినట్టు చేసినవ్!" అన్నడు.

ఆడికెళ్ళి మా టీం ఓడుడు మొదలైంది.

మొదటి మ్యాచ్ పోయింది. గోల్ కీపర్‌కు నిద్ర సాలలేదు అన్న. రెండోది పోయింది. నడిమిట్ల ఆడేటోడు కల్లు తాగొచ్చిండు అన్న. ఇంకోటి పోతె రెఫరీని తిట్టిన. బంతి నెత్తుల మీదికెళ్ళి ఎగిరిపోతుండె. పడ్డోనికల్ల మోకాళ్ళు చెక్కుకపోతుండె. పోయిన ఏడు పులులోలె ఆడినోళ్ళు గిప్పుడు నిప్పుల మీద నడిసినట్టు ఆడుతుండిరి. ఇగ గదే నడుమ ఖాదర్ భాయ్ రిటైర్ అయిండు.

ఆయన జాగల ప్రసాదరావు అని వర్క్ ఇన్‌స్పెక్టర్ గోదావరి దిక్కు కెళ్ళి బదిలీ మీద ఒచ్చిండు. కాలేజీల ఫుట్‌బాల్ ఆడిండంట. టీం ఆయన చేతుల పెట్టిండ్రు. సన్నటి మనిషి, ఇస్త్రీ అంగీ. కిరాయికి రూం ఎతుకుతున్నడంటె మల్లేశే తీస్కొచ్చి కొత్తపేటల మా గల్లీలనే, మా ఇంటి ఎదురుంగనే ఇప్పిచ్చిండు. నా బామ్మర్దే!

మొదటి దినం గ్రౌండ్ల ఆయన బంతిని తలకాయ ఎత్తు కెళ్ళి ఇడిసిండు. అది మళ్ళ ఛాతీ దాంక ఎగిరింది. ఇంకోసారి ఇడిసిండు. మడిమె తోని తొక్కి సూసిండు. గప్పుడు అడిగిండు: "దీని మీద రోలర్ ఎవరు ఎక్కించారండీ?"

నేను ఛాతీ ఇరుసుకొని, "నేనే సార్" అన్న.

"చాలా బాగా చేశారండీ. కాకపోతే గ్రౌండ్ కాదు, రోడ్డు వేశారు మీరు."

పోరగాండ్లు ఒక్కసారే నవ్విండ్రు. ఆ దినం కెళ్ళి గ్రౌండు పేరు "సత్తన్న రోడ్డు" అయింది. పడ్డోడల్ల "సత్తన్న రోడ్డు మీద యాక్సిడెంట్ అయింది రో" అని లేసేటోడు.

ఆయన ఊకోలె. ఎల్.బి.నగర్ ఊరోళ్ళల్ల ఒక పటేల్‌ను నాగలి అడిగిండు. ఆ పటేల్ భూమంత ప్లాట్లకు అమ్ముకున్నడు, ఎడ్లు మాత్రం అమ్మబుద్ధి కాక కొట్టంల కట్టేసి ఉంచిండు. పటేల్ సంబురంగ ఎడ్లను కొట్టుకొచ్చిండు. నేను రోలర్ మీద కూసొని సూసిన. నాగలి కొద్దిగ దూరం కూడ పోలె, కర్రు వంగింది. పటేల్ చెమట తుడుసుకొని, "ఏందిరా సత్తిగా, గింత గట్టిగ కొట్టినవ్! నా ఎడ్లు ముసలియి అయినయనుకున్న, నీ పని రాయి లెక్కున్నది" అన్నడు. అప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను. సార్ మొకం సూసిన. సార్ మొకంల కోపం లేదు. అదే నాకు కోపం తెప్పిచ్చింది.

అప్పటి కెళ్ళి పోరగాండ్లు ఆట అయినంక రోలర్ కాడికి ఒచ్చుడు బంద్ చేసిండ్రు. సార్ సుట్టు కూసుంటుండిరి. ఆయన నేను పరిచిన కంకరల కెళ్ళే గుండ్లు ఏరి కింద పెట్టి, "ఇది నువ్వు, ఇది వాడు, బంతి ఇక్కడుంటే నువ్వు ఇక్కడికి రావాలి" అని జరిపి సూపిస్తుండె. కంకర నాది, ముచ్చట ఆయనది. చాయ్ నేనొక్కన్నే తాగుతుంటి.

ఇంట్ల సూస్తె మా ఆమె గిన్నెల పచ్చిపులుసు పోసి ఎదురింటికి పంపుతున్నది.

"ఏందే, మా సార్ మీద అంత ప్రేమ, అంత పావురం?" అన్న.

"పాపం, ఇంటోళ్ళు రాలే. ఒక్కడే ఒండుకుంటున్నడు. నీ లెక్క ఒర్రడు గూడ ఒర్రడు. ఎంత నెమ్మదిగ మాట్లాడ్తడో!"

"గోదావరి నీళ్ళు తాగితె గట్లనే ఉంటది" అన్న.

"నువ్వు గూడ తాగి రాపో" అన్నది.

ఒక దినం సార్ నేనొక్కన్నే ఉన్నప్పుడు రోలర్ కాడికి ఒచ్చిండు. మెల్లగ అన్నడు: "సత్తయ్యగారూ, ఈ మాట అందరి ముందూ అనటం ఇష్టం లేక ఇప్పుడొచ్చాను. పాత రోడ్డు చీల్చడానికి రోలర్ వెనకాల పళ్ళు బిగిస్తారు కదా. అవి స్టోర్లో ఉన్నాయటగా?"

నిజమే. ఇనుప పండ్లు ఉంటయి. పాత రోడ్డు తవ్వి కొత్తది ఏసేటప్పుడు ఎనుక బిగిస్తె, రోలర్ పోతుంటె నేల చీల్చుకుంట ఒస్తది. నా రోలర్ సంగతి గూడ ఈయనకు ఎర్కనే! "ఇంజనీర్ సాబు పర్మిషన్ కావాలె సార్" అన్న.

"తీసుకునే వచ్చానండీ."

"పండ్లకు తుప్పు పట్టింది సార్."

"నూనె తెచ్చానండీ" అని జేబుల కెళ్ళి సీసా తీసిండు.

"సూస్తా సార్" అని ఇంటికి పోయిన. మనసు ఒప్పుకోలె. నా చేతులతోని చేసింది నేనే తవ్వుకోవాల్నా, అది గూడ ఆయన చెప్తె?

ఇంట్ల మల్లేశ్ మంచం మీద కూసున్నడు. లాగు మోకాలి పుండుకు అతుకున్నది. మా ఆమె గోరెచ్చటి నీళ్ళు పోసుకుంట ఊడదీస్తున్నది. వాడు పండ్లు కొరుక్కుంటున్నడు. నన్ను సూసి మా ఆమె అన్నది: "మడిమె గుర్తు పడదని గల్లీ అంత చెప్పుకున్నవ్ కదా. ఈడ పడ్డది సూడు గుర్తు."

తెల్లారి పోయి పండ్లు బిగిచ్చిన. ఎట్ల రోల్ చేసిన్నో అట్లనే, అంచుల కెళ్ళి నడిమికి చీల్చిన. పోరగాండ్లు సూస్తున్నరు, ఎవడు నవ్వలె. సార్ నవ్వొద్దని చెప్పిండంట. నవ్వితెనే మంచిగుండు. చీల్చినంక చెరువు మట్టి పోసిపిచ్చి, నీళ్ళు జల్లి, చేతితోని గుంజే చిన్న రోలర్ ఒక్కసారి తిప్పిచ్చిండు. మడిమె ఏస్తె గుర్తు పడ్డది. నాకు సిగ్గనిపిచ్చింది.

మెత్త మట్టి మీద మావోళ్ళు మళ్ళ గెలుచుకుంట ఒచ్చిండ్రు. ఇగ ఫైనల్‌కు పోవాలంటె ఇంకొక్క మ్యాచ్ గెలవాలె. ఇ.ఇ. సాబు సూడనీకె ఒస్తున్నడు. ముందటి దినం సార్ కంకర గుండ్లు పెట్టి, మల్లేశ్ గుండును ఎనుకకు జరిపిండు, గోల్ కీపర్ ముందటికి. నాకు మండింది. ఇంటికొచ్చినంక మల్లేశ్‌ను పట్టుకున్న.

"ఎనుక ఆడేటోన్ని ఎవడు సూస్తడ్రా? నీ బతుకు ఖరాబ్ చేస్తున్నడు ఆయన. నేను పోయి మాట్లాడ్త."

"ఒద్దు బావా."

"ఎందుకొద్దు?"

వాడు తల ఒంచుకొని అన్నడు: "గోల్ కొట్టుడు నాకు రాదు బావా. ఎన్నడు రాలె. నువ్వు ముందర ఆడమన్నవని ఆడిన. సార్ ఒక్కడే అడిగిండు, నీకు ఏడ ఆడాల్నని ఉన్నది అని."

లేసి బైటికొచ్చి అరుగు మీద కూసున్న. అన్నం గూడ సరిగ తినలె.

మ్యాచ్ దినం రోలర్ మీదనే కూసున్న. నిజం చెప్తున్న, మల్లేశ్ గెలవాలె, సార్ ఓడాలె అని మొక్కిన. ఒక్క మ్యాచ్ల రెండూ ఎట్లయితయి? మావోళ్ళు ఒక గోల్ కొట్టిండ్రు. అందరు లొల్లి పెట్టిండ్రు, నా చేతులు లేవలె. సార్ నా దిక్కు సూసినట్టనిపిచ్చి, టవల్ దులుపుకున్న.

ఆట అయిపోవస్తుంటె అవతలి టీమోడు ఒకడు అందరిని దాటుకొని ఉరికొచ్చిండు. మల్లేశ్ ఒక్కడే అడ్డం. నేను సీటు మీద కెళ్ళి లేసిన. మల్లేశ్ మట్టి మీద పక్కకు ఒరిగి జారిండు, జారుకుంట పోయి కాలుతోని బంతిని గీత బైటికి నూకిండు. నా రోడ్డు మీద అట్ల జారితె తొడ తోలు ఊడొచ్చేది. వాడు లేసి మట్టి దులుపుకున్నడు. రక్తం లేదు.

"షాబాష్ రా మల్లేశా!" అని నేనే అందరికన్నా గట్టిగ ఒర్రిన. ఒర్రినంక సార్ గుర్తుకొచ్చిండు. అప్పటికే అయిపోయింది.

ఇ.ఇ. సాబు, "ఆ ఎనుక ఆడిన పోరడు ఎవడు?" అని అడిగిండు. అడిగింది సార్‌నే. సార్, "మల్లేశ్ అండీ, మన రోలర్ డ్రైవర్ సత్తయ్యగారి బామ్మర్ది. ఈ గ్రౌండ్ తయారు చేసింది ఆయనే" అన్నడు. ఇ.ఇ. సాబు నా దిక్కు తిరిగి తలూపిండు. నేను దండం పెట్టిన. మల్లేశ్ ఉరికొచ్చి ముందుగాల సార్ కాళ్ళు మొక్కిండు, అటెన్క నా కాడికి ఒచ్చిండు. ఆ వరుస నాకు ఇయ్యాలటిదాంక యాదున్నది.

ఫైనల్ల ఓడిపోయినం. ఆ దినం నేను మంచిగ తిన్న. కని ఇ.ఇ. సాబు మాట తప్పలె, మల్లేశ్ వర్క్‌చార్జ్‌ల పడ్డడు. అటెన్క పర్మినెంట్ అయిండు, నా లెక్కనే పెన్షన్ తీస్కుంటున్నడు. రావు సార్ ఇంకో రెండేండ్లు టీంను నడిపి బదిలీ మీద పోయిండు. పోయే దినం మా ఆమె ఏడ్చింది. నేను సామాన్లు లారీకి ఎక్కిచ్చిన.

దీంట్ల కెళ్ళి నేను నేర్సుకున్నది చెప్త. రోడ్డు గట్టిగుండాలె, గ్రౌండు మెత్తగుండాలె. మనకు ఒక్క పని మంచిగ వస్తదని అన్నిటి మీద అదే పని చెయ్యొద్దు. టీంను మెచ్చుకునేటోడు ఆడేటోన్ని ఒక్కసారన్న అడగాలె, నీకు ఏడ ఆడాల్నని ఉన్నదని. ఇగ కుళ్ళు సంగతి అంటరా, అది ఉన్నా మనిషి పండ్లు బిగిచ్చి పనికి పోవచ్చు. పని ఆగదు. నా కుళ్ళు పోయిందని మాత్రం నేను రాయలేను.

ఇంత రాసేసరికి వేళ్ళు గుంజుతున్నయి. మళ్ళ సదివితె తప్పులు మస్తు కనవడుతున్నయి, ఏది దిద్దాల్నో తెలుస్తలేదు. రోడ్డయితె ఇంకోసారి రోలర్ తిప్పేటోన్ని. సదివినోళ్ళు తప్పులున్న కాడ మీరే సాపు చేసుకొని, ఈ సత్తయ్యను మాఫ్ చెయ్యుండ్రి.